మూడున్నర వరుసల పద్యం

మా ఆయన నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాందా పేటలో నన్నెరిగిన ప్రతి ఆడదీ నాకు ఇదే పాఠం అప్పజెప్పేది. "కొట్టడు, తిట్టడు, తాగొచ్చి గుమ్మంలో పడిపోడు. పైగా నవ్విస్తాడు కూడాను. నీకేం లోటే ఒమినె?" అనేవాళ్ళు. నిజమే, నవ్విస్తాడు. పదకొండేళ్ళపాటు ఊరంతా పగలబడి నవ్వింది. నన్ను చూసి.

ఆయన పేరు హికోజో. కామెయా అని మా పేటలో పెద్ద ఎండుచేపల టోకు కొట్టు, అది ఆయనదే. చేపలు అమ్మేది గుమాస్తాలు. ఆయన పని పద్యాలు చెప్పడం. గంభీరమైన పద్యాలు కావు, హాస్యానికి చెప్పే పొట్టి పద్యాలు. వాటికోసం "పొట్టచెక్కల బృందం" అని ఒకటి పెట్టి నలభై మందిని పోగేశాడు. అందులో నూనె వర్తకుడున్నాడు, పళ్ళు పీకే వైద్యుడున్నాడు, పేరు దాచుకుని వచ్చే సమురాయిలు ఇద్దరున్నారు, మా పేట పెద్ద మగోయెమోన్ గారు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక వెకిలి పేరు. మా ఆయన పేరు "మెలకువ గురక".

ఏటా కొత్త సంవత్సరానికి ఈ బృందం పద్యాలు ఏరి, వాటికి తగ్గ బొమ్మ గీయించి, చెక్కల మీద చెక్కించి, దళసరి కాగితం మీద అచ్చు వేయిస్తుంది. నూట యాభై ప్రతులు. వాటిని బజారులో అమ్మరు, తమలో తాము పంచుకుంటారు. అమ్మకానికి కాదు కాబట్టి ఆర్భాటానికి హద్దు లేదు. ఇత్తడి పొడి, తగరం పొడి, అభ్రకం, ఏది తోస్తే అది అద్దిస్తారు. రంగే లేకుండా వేసే అచ్చు అన్నిటికంటే కష్టం. చెక్కలో గుంటగా చెక్కిన మంచునో, కొంగ ఈకలనో తడి కాగితం మీద పైకి లేపాలి. మామూలు అచ్చుకి కాగితం వెనక రుద్దే బిళ్ళ దానికి చాలదు. మోచేతి ఎముక ఆనించి, ఒంటి బరువంతా దాని మీద మోపి నొక్కాలి.

మా నాన్న ఆ పనిలో మొనగాడు. కొడుకులు లేకపోవడంతో ఆ విద్య నాకు నేర్పాడు. నాన్న వేసిన అచ్చులు చూడటానికి మా ఇంటికొచ్చిన హికోజో నన్ను చూసి పెళ్ళి చేసుకున్నాడు. ముందు అచ్చులు చూశాడో, నన్ను చూశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్ళైన మొదటి చలికాలంలోనే, పదకొండో నెల రాగానే, పెరట్లో ఉన్న సరుకుల కొట్టు మేడ మీద నాకు బల్ల వేయించాడు. అడుగు మందం మట్టిగోడలు. గాలి తగిలితే ఇత్తడి పొడి ఎగిరిపోతుందని కిటికీ తలుపులు బిగించేశారు. పట్టపగలు కూడా దీపం పెట్టుకునే పని. బయటినుంచి గడియ, దానికి తాళం. "అవతలి బృందాలవాళ్ళు బొమ్మ కాజేస్తారే. నువ్వు మా ఖజానావి!" అని నవ్వుతూ తాళం తిప్పేవాడు. పదకొండు చలికాలాలు నేను ఆ గదిలో ఉన్నాను. భోజనం పైకి వచ్చేది. పగలు నేను దిగకూడదు.

సరే, గది ఒక ఎత్తు. ఆ గదిలో నేను అచ్చు వేసినవి ఒక ఎత్తు. రెండో ఏడు బొమ్మ వంకాయ. కొత్త ఏడాది మొదటి కలలో అది కనిపిస్తే కలిసొస్తుందని మావాళ్ళ నమ్మకం. పద్యం ఇది:

మొదటి కలలో
వంకాయ కనిపిస్తే అదృష్టమట
నాకు కలెందుకు?
పక్కనే పడుకుంది
మా ఇంటిదాని మోచెయ్యి

కాయ కాచి నల్లబడిన నా మోచేతి మీద పద్యం. దాన్ని ఆ మోచేత్తోనే నూట యాభై సార్లు నొక్కాను. పండగ నాడు చేపలవాడు మొదలు స్నానాలశాలలో ఆడవాళ్ళ దాకా అందరూ నా చెయ్యి చూపించమన్నారు. తలకొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడిస్తే మర్నాటికి నా ఏడుపు మీద పద్యం. అలిగితే అలక మీద. కామకురాలో ఆడవాళ్ళు పారిపోయి తలదాచుకునే గుడి ఉందిగా, ఒకసారి కోపంలో దాని పేరు ఎత్తాను. "చెప్పు తెగిన బాతు గుడికి బయలుదేరింది" అని మొదలుపెట్టి సాయంత్రానికి పద్యం పూర్తి చేశాడు. నేను నోరు విప్పితే చాలు, ఆయన కలం విప్పేవాడు.

నాలుగో ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. పంతొమ్మిది రోజులు బతికింది. ఆ తర్వాత నలభై రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. దానికీ ఉంది పద్యం:

మా ఇంటి గంట
మోగడం మానేసింది
ఇరుగుపొరుగులారా
పొద్దెంతయిందో ఇక
మీ కోళ్ళనే అడగండి

మంచులో వేలాడే గంట బొమ్మ. ఆ మంచు మొత్తం నా మోచేతి పనే. ముందుకు వంగి నొక్కినప్పుడల్లా పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. బృందంలో చాలామందికి పిల్ల సంగతే తెలియదు. ఆ ఏడాది మొత్తంలో మంచి పద్యం అదేనని మెచ్చుకున్నారు.

ఈయన్ని వదిలించుకోకపోతే నేను మనిషిగా మిగలనని నాకు ఆనాడే తెలుసు. కానీ మా దగ్గర మొగుడు మూడున్నర వరుసల కాగితం రాసి, ముద్ర వేసి, చేతిలో పెడితేనే ఆడది బయటపడ్డట్టు. అది లేకుండా గడప దాటినదానికి ఇల్లివ్వరు, పని ఇవ్వరు, చేరదీసినవాణ్ణి కూడా బతకనివ్వరు. ఏడేళ్ళు గుటకలు మింగి, పదకొండో ఏడు పదో నెలలో, పొద్దున్నే ఆయన మిసో చారు తాగుతుండగా అడిగేశాను.

"ఏమండీ, నాకా మూడున్నర వరుసలు రాసివ్వండి."

గిన్నె నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏమన్నావ్? మళ్ళీ అను."

"నన్ను విడిచిపెట్టమంటున్నాను. వేళాకోళం కాదండీ. చేతులు జోడించి అడుగుతున్నా."

ఆయన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు బాగా తెలుసు.

"మూడున్నర వరుసలు!" అని గిన్నె కింద పెట్టేశాడు. "ఒసే ఒమినె! విడాకుల కాగితమే పద్యం! పదకొండేళ్ళుగా పద్యాలు చెబుతున్నా, ఇది తట్టలేదేమే నాకు? నీ నోట్లోంచి ముత్యాలు రాలతాయే బాబూ!" అంటూ కుంచె కోసం పరుగెత్తాడు. చారు అక్కడే చల్లారిపోయింది.

పదకొండో నెల మొదటి వారంలో తొమెకిచి బాబాయ్ చెక్కలు పట్టుకొచ్చాడు. ఆయన మా నాన్నకి ప్రాణస్నేహితుడు, అక్షరాలు చెక్కడంలో చేయి తిరిగినవాడు, ముసలివాడు, ఒంటరివాడు. రాసిన కాగితాన్ని బోర్లా చెక్కకి అతికించి, తెల్లభాగమంతా తీసేసి అక్షరం నిలబెట్టడం ఆయన పని. ఆ రోజు నా మొహంలోకి చూడలేకపోయాడు.

"నలభై ఏళ్ళుగా చెక్కుతున్నానే అమ్మాయ్. ఇంత పాడు పని ఎప్పుడూ చెయ్యలేదు. వద్దందామంటే, ఇంకెవడో చెక్కుతాడు. నీ పేరు వాడి చేతిలో పడ్డం దేనికని నేనే చెక్కా."

ఒక ప్రతి తీసి చూశాను. సిరారాయి, కుంచె, సగం విప్పిన ఉత్తరం, ఇంతే బొమ్మ. ఉత్తరం మీద రాసింది ఇది:

"నా వీలును బట్టి ఒమినె అను నా భార్యను విడిచిపెట్టుచున్నాను. ఇకమీదట ఈమె ఎవరింట చేరినా నాకు అభ్యంతరము లేదు. గురక మాత్రము తనతో తీసుకుపోవలెను. ఇట్లు, కామెయా హికోజో."

సరిగ్గా మూడున్నర వరుసలు. పేరు కింద సొరకాయ ఆకారంలో ఒక వెకిలి ముద్ర.

"అసలు పత్రంలో ఉండే మాటలే ఇవన్నీ," అన్నాడు బాబాయ్. "గురక ముక్క ఒక్కటే ఎక్కువ. తారీఖు కూడా వేశాడు చూడు, కొత్త ఏడాది ఏడో రోజు."

"మరి ఇది పనికిరాదా బాబాయ్?"

"ఎలా పనికొస్తుందే? సొరకాయ ముద్రని ఎవడు లెక్కచేస్తాడు? కొట్టు ముద్ర ఉంటే అది వేరే సంగతి."

అప్పుడు ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. కింద గుమాస్తా చేపల బుట్టలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ సొరకాయ చెక్క తీసుకుపో బాబాయ్," అన్నాను.

"అడిగితే?"

"విరిగిపోయిందని చెప్పు."

ఆయన ఆ చెక్కని గుడ్డలో చుట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంట్లో మీ నాన్న బల్ల ఇంకా అలాగే ఉంది. వస్తే దాని మీద పని చేసుకో. కాగితం లేకుండా మాత్రం రాకు తల్లీ. ఇద్దరం మునుగుతాం."

మర్నాడు మొదటి అచ్చు చూడటానికి మా ఆయన పైకి వచ్చాడు. పొద్దున్నుంచీ నేను నవ్వడం సాధన చేస్తున్నాను. మీకు నవ్వొచ్చేమో గానీ, ఏళ్ళ తరబడి వాడని గొంతు అంత తేలిగ్గా లొంగదు. సొరకాయ ముద్రతో నిన్న తీసిన ప్రతినే ఆయన ఎత్తి, గురక మాట చదవగానే నవ్వాను. మొదట దగ్గులా వచ్చింది, తర్వాత సరిగ్గానే వచ్చింది.

ఆయన కాగితం దించేశాడు.

"నవ్వావా?"

"నవ్వొచ్చిందండీ."

"నిజంగా? గురక దగ్గరేనా?" అంటూ నేల మీద చతికిలపడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "పదకొండేళ్ళకి, ఒసే! నలభై మంది నవ్వితే నాకేం లాభం, ఇంట్లో మనిషి రాయిలా కూర్చుంటే? ప్రతి ఏడూ మొదటి ప్రతి చదివి ముందు నీ మొహమే చూస్తాను, తెలుసా నీకు?"

తెలియదు. ఆ సంగతి నాకు తెలియదు. ఒక్క క్షణం నాకు జాలేసింది. వెంటనే గంట పద్యం గుర్తొచ్చి, ఆ జాలి మీదే ఒళ్ళు మండింది.

"ఒక్కటి మాత్రం తగ్గిందండీ," అన్నాను.

"ఏంటది? చెప్పు, చెప్పు!"

"ఆ సొరకాయ ముద్రేంటి, చిన్నపిల్లల ఆటలాగా? చూడగానే ఇది ఉత్తుత్తిదని తెలిసిపోతే గురక దగ్గర పేలదు కదా. అసలు పత్రమే అనిపించాలి. అందరూ చూస్తుండగా కొట్టు ముద్ర తీసి మీ చేత్తోనే వేశారనుకోండి..."

ఆయన తొడ చరుచుకున్నాడు. "ఓరి నాయనో! నువ్వు మా బృందంలో కూర్చోవలసినదానివే, ఈ కొట్లో కాదు!" అంటూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆనందంలో తాళం వెయ్యడం మరిచిపోయాడు. తలుపు తెరిచే ఉంది. నేను దిగలేదు. కాగితం చేతికి రాకుండా ఎక్కడికి దిగుతాను? నూట యాభై ప్రతులూ పూర్తి చేశాను. ఉత్తరం మడతలన్నీ మోచేత్తో లేపాను. అంత శ్రద్ధగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

కొత్త ఏడాది ఏడో రోజు మధ్యాహ్నం నది ఒడ్డున భోజనశాల మేడ మీద బృందం కూడింది. నేను అందరికీ సాకె సారా పొయ్యడానికి వెళ్ళాను. ఆయన పద్యం చదివాడు. గురక దగ్గర మేడ కప్పు ఎగిరిపోయేంత నవ్వు. అప్పుడు ఆయన రొమ్ము మీది బట్ట మడతలోంచి కొట్టు ముద్ర బయటికి తీశాడు. సరుకు రసీదుల మీద తప్ప ఇంకెక్కడా పడని ముద్ర అది. నవ్వు రెట్టింపైంది. నల్లసిరా అద్ది ఒక్కొక్క ప్రతి మీదా వేసుకుంటూ పోయాడు. పేట పెద్ద మగోయెమోన్ గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఇక చాలయ్యా, చచ్చిపోతాం!" అన్నారు.

"మొదటి ప్రతి ఎవరికి?" అని అరిచారెవరో.

"ఎవరికేంటి, సొంతదారుకే!" అని ఆయన నన్ను పిలిచాడు. "ఇదిగో ఒమినె గారూ! కామెయా హికోజో తన చేతులతో ఇస్తున్నాడు, పుచ్చుకోండి!"

రెండు చేతులతో అందుకున్నాను. నుదుటి దాకా ఎత్తి తలవంచాను. "ఇన్నేళ్ళు మీ ఇంట చోటిచ్చారు. సెలవు," అన్నాను. మెట్లవైపు నడిచాను.

ఒక్కసారిగా చప్పట్లు. "భేష్! పెళ్ళాం మొగుణ్ణి మించిపోయింది!" అని కేకలు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే. నేను చెప్పులు వేసుకుని వీధిలోకి దిగేదాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆగకుండా తొమెకిచి బాబాయ్ ఇంటికి నడిచాను.

రెండు రోజులు మా ఆయన దాన్ని నా వేళాకోళం అనుకున్నాడు. ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. మూడో రోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇక చాల్లేవే, పద. ఎంత మంచి వేళాకోళమైనా లాగితే పలచబడుతుంది," అన్నాడు. నేను బల్ల మీది కాగితం తీసి చూపించాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. అక్కణ్ణించి ఇద్దరం పేట పెద్ద ఇంటికి వెళ్ళాం.

మగోయెమోన్ గారు ఆ రోజు పద్యాల మనిషి కాదు. మడత నలగని పైబట్ట వేసుకుని, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ముద్ర అసలుదే," అన్నారు చివరికి. "కానీ అమ్మా, నేను అక్కడే ఉన్నాను. నలభై మంది నవ్వారు, నేనూ నవ్వాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్విన కాగితాన్ని పట్టుకుని ఇది విడాకులని నేనెలా రాయను? ఆటలో ఇచ్చింది ఆటే. ఇంటికి వెళ్ళిపో."

ఆ కొట్టు మేడ, ఆ తాళం, ఇంకో పదకొండేళ్ళు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

"అదీ!" అన్నాడు మా ఆయన, ఊపిరి తిరిగినవాడిలాగా. "ఈవిడ కూడా నవ్విందండీ! ముద్ర వేయమని సలహా ఇచ్చిందే ఈవిడ!"

మగోయెమోన్ గారు నావైపు తిరిగారు. "నవ్వావా అమ్మా?"

"నవ్వానండీ. ముద్ర కోసం నవ్వాను."

"అంటే?" అన్నాడు మా ఆయన.

"నవ్వితే మీరు ముద్ర వేస్తారని నవ్వాను. నాకు నవ్వు రాలేదు."

"సరే, దానికి రాలేదు. వంకాయకి? అది ఊరు ఊరంతా..."

"లేదండీ."

"బాతు పద్యానికి? దానికి నువ్వు కొంగు అడ్డం పెట్టుకున్నావు, నేను చూశాను."

"ఏడుపు దాచుకున్నాను."

"ఒమినె." ఆయన గొంతు మారింది. "ఇన్నేళ్ళలో ఒక్కదానికైనా?"

అవునని ఒక్క అబద్ధం ఆడితే ఆ మనిషి బతికిపోతాడు. నేను ఆయన మొహంలోకే చూశాను. "ఒక్కదానికి కూడా నవ్వలేదండీ," అన్నాను.

మగోయెమోన్ గారు మా ఆయన్నే చూస్తున్నారు. ఇప్పుడేదో చమత్కారం వస్తుందని అలవాటు కొద్దీ ఆ పెద్దాయన పెదాలు ముందే విచ్చుకున్నాయి. నేనూ దానికోసమే ఒళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన కాగితాన్ని రెండు చేతులతో నావైపు జరిపాడు.

"ముద్ర నాదేనండీ," అన్నాడు పేట పెద్దతో. "ఎవరికోసం రాశానో ఆ మనిషే నవ్వకపోతే అది ఆటెలా అవుతుంది? పత్రం చెల్లుతుంది. అలాగే రాసుకోండి."

మగోయెమోన్ గారు సగం నవ్వి ఆగిపోయారు. కుంచె తీసుకుని తన పుస్తకంలో రాసుకున్నారు. నేను కాగితం మడిచి రొమ్ము మడతలో పెట్టుకున్నాను, కానీ లేవలేకపోయాను. మా ఆయన తలవంచుకుని కూర్చున్నాడు. మెడ వెనక కొత్తగా తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఆ క్షణంలో ఆయన ఒక్క మంచి మాట అని ఉంటే నేను వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలిసినట్టు ఒకసారి తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు. నేను చెప్పులు తొడుక్కుని వీధి మలుపు తిరిగేదాకా ఆయన నోరు విప్పలేదు.